ముసలి కుక్క నోట్లో గడ్డ... కోయించాలా? వదిలేయాలా?

* వయసు చూసి కాదు... గడ్డ పేరు తెలిశాకే నిర్ణయం
* అన్నీ క్యాన్సర్ కావు... కొన్ని సూదిమందుకే కరిగిపోతాయి
* నోట్లో చెయ్యి పెట్టే ముందు రేబిస్ సంగతి మరవద్దు

తిరుత్తణి, తిరువళ్లూరు: "దానికి పదమూడేండ్లు నిండినాయిరా అబ్బోడా... ఇప్పుడు కత్తి పెడితే తట్టుకుంటాదా?" అని అవ్వ. "చూపించకుండా ఎట్ల అవ్వా? అన్నం కాడికి వస్తాది, వాసన చూస్తాది, తినలేక ఎనక్కి పోతాది" అని మనవడు. పల్లిపట్టు దారిలోనో, పొదటూరుపేట మగ్గాల వీధిలోనో ఇలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. వాకిట్లో పడుకున్న కుక్క పేరు మణి. పై పెదవి ఎత్తి చూస్తే కోరపన్ను పక్కన చిగురు మీద ఎర్రగా శనగగింజంత గడ్డ. నెల కిందట అది లేదు. నోరు తెరిస్తే వాసన. పడుకున్న గోనెపట్టా మీద రెండు చుక్కల నెత్తురు.

ఇంట్లో పెద్దలు ఒకటంటారు, పిల్లలు ఒకటంటారు. ఎదురింటి మామ వచ్చి "ముసిల్ది అయిపోయిందిలే, వదిలెయ్యండి" అంటాడు. ఇంకొకరు పసుపూ సున్నం కలిపి పెట్టమంటారు. ఈ మాటల మధ్యే రెండు వారాలు గడిచిపోతాయి. నోటి గడ్డ విషయంలో పోకూడనిది ఆ రెండు వారాలే.

గడ్డలన్నీ ఒకటి కావు

కుక్క ముసలిదైతే నోట్లో గడ్డలు రావడం అరుదేమీ కాదు. చిన్న జాతులు పద్నాలుగు, పదిహేనేళ్లు బతుకుతాయి. లాబ్రడార్ వంటి పెద్ద జాతులకు పదేళ్లు దాటితే ముసలితనమే. అయితే నోట్లో లేచిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు.

పన్ను వేరు కుళ్లి చీము పట్టినా కంటి కింద, దవడ పక్కన వాపు వస్తుంది. ఆ పన్ను తీసేస్తే తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న గార వల్ల చిగుళ్లు ఉబ్బి పెరుగుతాయి. బాక్సర్ జాతి కుక్కల్లో ఇది మరీ ఎక్కువ. చిగురు రంగులోనే నున్నగా, గట్టిగా, మెల్లగా పెరిగే గడ్డను వైద్యులు 'ఎపులిస్' అంటారు. ఇది వేరేచోటికి పాకదు. దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. అదీ ఊపిరితిత్తులకు పాకదుగానీ కింద ఉన్న దవడ ఎముకను తింటుంది. ఎముకతో సహా కొంత మేర తీసేస్తే చాలావరకు తిరిగి రాదు.

ఇక చెడ్డ గడ్డలు ముఖ్యంగా మూడు. కుక్కల నోటి క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది మెలనోమా. సాధారణంగా నల్లగా ఉంటుంది. కానీ రంగు లేకుండా లేత ఎరుపులో ఉండేవీ తక్కువేమీ కాదు. అందుకే "నల్లగా లేదు కదా" అని ధీమా పడకూడదు. ఇది దవడ కింది బిళ్ళలకు, ఊపిరితిత్తులకు వేగంగా పాకుతుంది. రెండోది స్క్వామస్ సెల్ కార్సినోమా. చిగురు మీద వస్తే ఎముకను తింటుందిగానీ దూరం పాకడం తక్కువ. మూడోది ఫైబ్రోసార్కోమా. ఇది పక్కనున్న కండలోకి, ఎముకలోకి లోతుగా దిగుతుంది.

మన వీధుల్లో ఉండే మరో గడ్డ

పట్నం పెంపుడు కుక్కల కన్నా ఊళ్లో స్వేచ్ఛగా తిరిగే నాటు కుక్కల్లో కనిపించే గడ్డ ఒకటుంది. దాని పేరు టీవీటీ. ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే క్యాన్సర్ ఇది. పురుగు వల్లో, వైరస్ వల్లో రాదు. గడ్డలోని బతికున్న కణాలే ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి చేరి అక్కడ పెరుగుతాయి. వేల ఏళ్ల కిందట ఎప్పుడో ఒక కుక్కలో పుట్టిన గడ్డే ఇలా చేతులు మారుతూ ఇప్పటికీ బతికి ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఎక్కువగా జననాంగాల దగ్గర వస్తుంది. వాసన చూడటం, నాకడం వల్ల ముక్కులో, నోట్లో కూడా లేస్తుంది. కాలీఫ్లవర్ పువ్వులా చిదురు చిదురుగా ఉంటుంది. ముట్టుకుంటే నెత్తురు కారుతుంది. చూస్తే భయం వేస్తుంది. కానీ వైద్యానికి ఇంత బాగా లొంగే క్యాన్సర్ మరొకటి లేదనే చెప్పాలి. విన్‌క్రిస్టిన్ అనే సూదిమందు వారానికి ఒకటి చొప్పున వేస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో గడ్డ కరిగిపోతుంది. కత్తి అక్కర్లేదు. మధ్యమధ్య రక్తపరీక్ష చేసి తెల్లకణాలు పడిపోలేదని చూసుకుంటారు.

ఇప్పుడు అవ్వ మాట మళ్లీ గుర్తు చేసుకోండి. "ముసల్ది, కత్తి తట్టుకోదు" అని మణిని వదిలేస్తే, మణికి ఉన్నది టీవీటీ అయితే? కత్తే అక్కర్లేని రోగానికి కత్తి భయంతో కుక్కను పోగొట్టుకున్నట్టు అవుతుంది. అందుకే మొదటి ప్రశ్న 'కోయించాలా వద్దా' అన్నది కాదు. 'అదేం గడ్డ' అన్నదే.

నోట్లో చెయ్యి... జాగ్రత్త

చూడాలన్న ఆత్రంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. చొంగ కారుస్తూ, మింగలేక, దవడ వేలాడేసిన కుక్కను చూసి "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనుకుని నోట్లో చెయ్యి పెడతారు. రేబిస్‌లో కుక్క పిచ్చిగా కరవడం ఒక్కటే లక్షణం కాదు. నోరు పడిపోయి, మూలన నక్కి ఉండే రకం రేబిస్ కూడా ఉంది. ఏటా టీకా వేయించని కుక్క, ఈమధ్య ఇంకో కుక్కతో కొట్లాడిన కుక్క, ఉన్నట్టుండి తీరు మారిన కుక్క అయితే నోరు తెరవొద్దు. కట్టేసి వైద్యుణ్ని పిలవాలి. చొంగ గాయానికి తగిలినా, పన్ను గీరుకున్నా పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి, వెంటనే మనుషుల ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

టీకా వేసిన, మచ్చికైన కుక్క అయితే తాపీగా ఉన్నప్పుడు పక్క నుంచి పెదవి మాత్రం ఎత్తి టార్చి వెలుతురులో చూడొచ్చు. బలవంతంగా నోరు చీల్చకూడదు.

రూపాయి బిళ్ళ కొలత

గడ్డ కనబడిన రోజే సెల్‌ఫోన్‌తో ఫొటో తీయాలి. ఇప్పుడు చలామణిలో ఉన్న చిన్న రూపాయి బిళ్ళ అడ్డం కొలత సుమారు రెండు సెంటీమీటర్లు. గడ్డ ఆ బిళ్ళ కన్నా చిన్నదా, పెద్దదా అన్నది వైద్యుడికి చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఎందుకంటే నోటి మెలనోమా ఏ దశలో ఉందో లెక్కగట్టేటప్పుడు వైద్యులు వాడే మొదటి గీత ఆ రెండు సెంటీమీటర్లే. రెండో గీత నాలుగు. బిళ్ళ కన్నా చిన్నగా ఉన్నప్పుడు పూర్తిగా కోసి తీసిన కుక్కలు ఏడాదికి పైగా బతికిన దాఖలాలు మెండు. గడ్డ పెద్దదై, దవడ కింద బిళ్ళ కట్టాక కోస్తే మిగిలేది నెలలే. రెండు వారాల ఆలస్యానికి ఉన్న ఖరీదు ఇదీ.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. దారం కట్టి గడ్డను తెంపకూడదు. పసుపు, సున్నం, ఉప్పు పెట్టి వారాలు గడపకూడదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అసలే వేయకూడదు. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపును, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్ సూది వేయిస్తే వాపు తాత్కాలికంగా తగ్గి, ఆ తర్వాత ముక్క పరీక్షలో అసలు రోగం సరిగా తేలకపోవచ్చు.

అటు వేపేరి... ఇటు తిరుపతి

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది. గీత మారిందిగానీ ఇళ్లలో మాట మారలేదు. ఈ సరిహద్దు బతుకులో ఒక సౌకర్యమూ ఉంది. పెద్దాసుపత్రి కావాలంటే రెండు దారులున్నాయి.

తూర్పుకు పోతే చెన్నై వేపేరిలో మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. 1903లో మొదలైన కాలేజీ ఇది. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరే. పెంపుడు జంతువులకు ఎక్స్‌రే, స్కానింగ్, ల్యాబ్, శస్త్రచికిత్స విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఉత్తరానికి పోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ. 1955లో మొదలైంది. 2005 నుంచి శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. తిరువళ్లూరు వాళ్లకు వేపేరి దగ్గర. తిరుత్తణి, పల్లిపట్టు, నగరి వైపు వాళ్లకు తిరుపతి దగ్గర.

అయితే నేరుగా అక్కడికే పరుగెత్తాల్సిన పని లేదు. ముందు ఊళ్లోని పశువుల ఆసుపత్రిలో చూపించి, చీటీ రాయించుకుని వెళ్తే మేలు. తమిళనాడులో బోర్డు మీద 'కాల్నడై మరుత్తువమనై' అని ఉంటుంది.

భాష దగ్గర కాస్త తడబాటు తప్పదు. వైద్యుడు తమిళంలో 'ఈరు' అంటే చిగురు అని అర్థం. మన ఈరు కాదు. పేలగుడ్డు మాట ఇక్కడెందుకొచ్చిందని తికమక పడొద్దు. 'కట్టి' అంటే గడ్డ. 'సదై వళర్చి' అంటే కండ పెరగడం. 'మయక్క ఊసి' అంటే మత్తు సూది. 'పుట్రునోయ్' అంటే క్యాన్సర్. ఇక రిపోర్టు వచ్చేది ఇంగ్లీషులో. అందులో 'బినైన్' అని ఉంటే పాకనిది, 'మాలిగ్నెంట్' అని ఉంటే పాకే గుణం ఉన్నది. కోసి తీశాక 'మార్జిన్స్ క్లియర్' అంటే అంచుల్లో గడ్డ కణాలు మిగల్లేదని. అర్థం కాకపోతే మళ్లీ అడగడంలో మొహమాటం వద్దు.

వయసు రోగం కాదు

పెద్దాసుపత్రిలో జరిగేది ఇదీ. ముందు ఒళ్లంతా చూస్తారు. దవడ కింద బిళ్ళలు తడిమి, వాచి ఉంటే సన్న సూదితో కణాలు లాగి పరీక్షకు పంపుతారు. రక్తం తీసి మూత్రపిండాలు, కాలేయం పనితీరు చూస్తారు. ఛాతీ ఎక్స్‌రేతో ఊపిరితిత్తులకు ఏమైనా పాకిందా అని చూస్తారు. ఆ తర్వాత మత్తులో గడ్డ నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతారు. ఇదే బయాప్సీ. ఫలితానికి వారం, పది రోజులు పట్టొచ్చు. "ముక్క తీస్తే క్యాన్సర్ లేచిపోతాది" అన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుంటే గడ్డ పేరు తెలియదు. పేరు తెలియకుండా వేసే మందు చీకట్లో రాయి విసిరినట్టే.

మత్తు సంగతి. ముసలి కుక్కకు మత్తులో ప్రమాదం కొంత ఎక్కువే. కానీ ఆ ప్రమాదం పుట్టినరోజుల లెక్క నుంచి రాదు. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్న దాన్నిబట్టి వస్తుంది. పదమూడేళ్ల కుక్కకు ఇవన్నీ బాగుంటే, గుండెజబ్బున్న ఎనిమిదేళ్ల కుక్క కన్నా అదే మేలు. నోటి ఆపరేషన్‌లో గొంతులోకి గొట్టం వేసి గ్యాస్ మత్తు ఇస్తే నెత్తురు ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఉంటుంది. ఆ సదుపాయం ఉందో లేదో ముందే అడగాలి.

దవడలో కొంత ఎముక తీసేయాలంటే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పని అవుతుంది. "ఇంక ఎట్ల తింటాది?" అని అవ్వ అడగడం సహజమే. కుక్కలు అద్దంలో మొహం చూసుకోవు. కింది దవడలో కొంత పోయిన కుక్కలు చాలావరకు కొద్ది రోజుల్లోనే మెత్తటి అన్నం తినడం నేర్చుకుంటాయి. నాలుక ఒక పక్కకు జారుతుంది, చొంగ కాస్త కారుతుంది. నొప్పి పోయాక తోక మళ్లీ ఆడుతుంది.

వైద్యుణ్ని అడగాల్సినవి

* ఈ గడ్డ పేరేమిటి? ముక్క పరీక్షలో తేలిందా, చూసి చెబుతున్నదా?
* పాకిందా? దవడ బిళ్ళలు, ఛాతీ ఎక్స్‌రే ఎలా ఉన్నాయి?
* కోస్తే పూర్తిగా పోతుందా, లేక కొన్నాళ్లు తినగలిగేలా చేయడానికేనా?
* కోయకపోతే నొప్పికి ఏం మందు? ఎన్నాళ్లు నెట్టుకురావచ్చు?
* మొత్తం ఖర్చు ఎంత? మళ్లీ ఎన్నిసార్లు రావాలి?

ఆఖరి ప్రశ్న అడగడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. చెరకు బిల్లు చేతికి రాని నెల, మగ్గం ఆగిన వారం అందరి ఇళ్లలోనూ ఉంటాయి. చేతిలో ఉన్నదెంతో ముందే చెబితే, ఆ మేరకు ఏది ముఖ్యమో వైద్యుడు చెప్పగలడు. అప్పు చేసి ఆపరేషన్ చేయించడమే ప్రేమ కాదు. నొప్పి లేకుండా చూసుకోవడం కూడా ప్రేమే.

కోయించకూడదని తేలితే...

గడ్డ పాకిపోయి ఉంటే, గుండె మత్తుకు తట్టుకోదని తేలితే, కత్తిని పక్కన పెట్టడం తప్పు కాదు. అయితే 'వదిలేయడం' వేరు, 'చూసుకోవడం' వేరు. వైద్యుడు రాసిన కుక్కల నొప్పి మందు, పుండుకు పురుగు పట్టకుండా జాగ్రత్త, వాసన తగ్గడానికి యాంటీబయాటిక్... ఇవన్నీ వైద్యమే. సంగటి ముద్ద గట్టిగా కాకుండా రాగి జావలా పలుచగా చేయాలి. పెరుగన్నం మెత్తగా పిసకాలి. గుడ్డు ఉడకబెట్టి నలిపి పెట్టాలి. మాంసం ఉడికిన నీళ్లు గోరువెచ్చగా పోయాలి. ఎముక వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర వద్దు. గిన్నె కాస్త ఎత్తులో పెడితే మెడ వంచే బాధ తప్పుతుంది.

ఎప్పటిదాకా? ఈ ప్రశ్నకు కొలత ఒకటి ఉంది. అమెరికాకు చెందిన పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక లెక్క చెప్పారు. నొప్పి లేకపోవడం, తిండి, నీళ్లు, శుభ్రం, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం... ఈ ఏడింటికీ ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం 35కు పైన ఉంటే ఇంకా చూసుకోవచ్చు. తగ్గుతూ పోతుంటే ఆలోచించాలి. మార్కులు వేయడం కుదరకపోతే గోడ మీది క్యాలెండర్ చాలు. మంచి రోజుకు ఒక గీత, చెడ్డ రోజుకు ఒక సున్నా. సున్నాలు గీతలను దాటిన వారం, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

అప్పుడు వైద్యుడు చెప్పే మాట తమిళంలో 'కరుణైక్కొలై'. మన మాటలో కారుణ్య మరణం. ముందు మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతారు. ఆ తర్వాత ఎక్కువ మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. నిమిషాల్లో, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంటివాళ్లు తల నిమురుతూ పక్కనే ఉండొచ్చు. ఆకలితో, పుండుతో వారాల తరబడి మూలన పడి ఉండటం కన్నా అది ఎంతో మెరుగు.

మళ్లీ ఆ వాకిట్లోకి...

మణి ఇంట్లో ఇప్పుడేం చేయాలి? ముందు ఫొటో. తర్వాత ఊళ్లోని పశువుల ఆసుపత్రి. అక్కడి చీటీతో వేపేరి అయినా, తిరుపతి అయినా సరే, ముక్క పరీక్ష. రిపోర్టులో ఎపులిస్ అని వస్తే చిన్న ఆపరేషన్. టీవీటీ అని వస్తే నాలుగు నుంచి ఆరు సూదులు. మెలనోమా అయి బిళ్ళ కన్నా చిన్నగా ఉంటే ఆపరేషన్ చేయించడంలో అర్థం ఉంది. ఊపిరితిత్తులకు పాకిందని తేలితే నొప్పి మందు, రాగి జావ, క్యాలెండర్ మీద గీతలు.

అవ్వ అడిగింది తప్పు ప్రశ్నేమీ కాదు. పదమూడేళ్లు ఆ వాకిలి కాచినదాని మీద ఉన్న ప్రేమతోనే కత్తి వద్దంది. మనవడిదీ ఆ ప్రేమే. ఇద్దరి మధ్యా తగువు తీర్చగలిగేది ఆ చిన్న ముక్క పరీక్షే. ఈ మాట చదువుతున్న ఇంట్లో ముసలి కుక్క ఉంటే, ఈ సాయంత్రం దాని పెదవి ఒకసారి ఎత్తి చూడండి. గడ్డ లేకపోతే సంతోషం. ఉంటే మాత్రం వచ్చే వారం దాకా ఆగొద్దు.